ఏసీ బ్లోయర్ మోగుతుంటే జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

రోహిణి కార్తె వచ్చిందంటే పటమటలోని మా అపార్ట్‌మెంట్‌లో నా ఫోను ఊరుకోదు. "అంకుల్, ఏసీ లారీలా మోగుతోంది, ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంటారు. నేను వెళ్లేసరికి ఎవరో మెకానిక్ వచ్చి, గ్యాస్ పట్టించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. చప్పుడు మాత్రం ఎక్కడికీ పోదు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, కాయిల్ మీద మంచు పడుతుంది. ఆ మంచు గడ్డకట్టి బ్లోయర్‌కు, అంటే లోపల గాలిని తోసే పొడవాటి రెక్కల ఫ్యానుకు, తగిలితే తప్ప, ఇండోర్ యూనిట్ గరగరలాడటానికీ గ్యాస్‌కూ సంబంధం లేదు. కాబట్టి మెకానిక్‌ను పిలిచే ముందు ఒక అరగంట మీరే చూసుకోండి.

కావలసినవి: కదలని స్టూలు, టార్చి, పాత టూత్‌బ్రష్, వెనక రబ్బరున్న పెన్సిలు. స్క్రూడ్రైవర్ ఇప్పుడే వద్దు.

ముందుగా ఫిల్టర్లు తీసి కడిగి, నీడలో ఆరబెట్టి, క్లిప్పులు పడేదాకా నొక్కి పెట్టండి. ముందు ప్యానెల్‌ను అరచేత్తో అదిమి చూడండి. అదిమినప్పుడు చప్పుడు ఆగిందంటే లోపల జబ్బేమీ లేదు, ప్యానెల్ వదులైంది, అంతే. గుంటూరులో మిర్చి యార్డు దగ్గరుండే మా తోడల్లుడి ఇంట్లో ఫిల్టర్ విప్పితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. అలాంటి చోట నెలకు రెండుసార్లు కడగాల్సిందే.

కొన్ని చప్పుళ్లకు టెన్షన్ పడొద్దు. ఆన్ చేసిన కొత్తలో, ఆపిన తర్వాత టక్ టక్‌మని వినిపించేది ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకోవడం, వేడెక్కి సాగడం. సన్నగా బుస్సుమనేది గొట్టాల్లో గ్యాస్ పారే చప్పుడు. గుడగుడలాడితే డ్రెయిన్ పైపు చూడండి.

ఇక అసలు పని. దీన్ని రాత్రి పదకొండు దాటాకే చేయాలి. పగలు ట్రాఫిక్ మోతలో, సీలింగ్ ఫ్యాను కింద నిలబడి విని ఏదో ఒకటి తేల్చేసేవాళ్లను చూసి విసుగొచ్చింది నాకు. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి. ఏసీని కూల్‌లో కాకుండా ఫ్యాన్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు కంప్రెసర్ ఆగిపోతుంది, గోడలోంచి వచ్చే అవుట్‌డోర్ మోత కలవదు. ముందు తక్కువ స్పీడు, రెండు నిమిషాల తర్వాత హై. స్పీడు పెరిగేకొద్దీ యూనిట్ మొత్తం అదురుతూ బుయ్‌మని ఊగుతుంటే, బ్లోయర్‌లో ఒకవైపు బరువు పడింది. అంటే మురికి.

ఇప్పుడు హై స్పీడులో ఉండగానే ఆపాలి. రిమోట్‌తో కాదు, ఎంసీబీ (ఏసీకి కరెంటు వచ్చే బ్రేకర్ స్విచ్చు) దింపేయండి. అందరూ తప్పేది ఇక్కడే. రిమోట్‌తో ఆపితే ఫ్లాప్ (గాలి బయటికొచ్చే చోట ఉండే మూత) మూసుకుంటుంది, చాలా మోడళ్లలో బ్లోయర్ కాసేపు తిరిగి తన పద్ధతిలో ఆగుతుంది, మీకు ఏమీ తెలియదు. ఎంసీబీ దింపితే ఫ్లాప్ తెరిచే ఉంటుంది, బ్లోయర్ ఊపు మీద తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. ఆ కొద్ది సెకన్లే మీకు కావాల్సింది. ఒకరు ఎంసీబీ దగ్గర, ఒకరు యూనిట్ కింద ఉండాలి. ఒక్కరే అక్కడా ఇక్కడా పరిగెత్తితే అప్పటికే బ్లోయర్ ఆగిపోతుంది.

కరెంటు పోయిన క్షణానే చప్పుడు తెగిపోతే అది కరెంటు తాలూకు మోత. మోటారుకో బోర్డుకో సంబంధించింది, అందులో మనం వేలు పెట్టకూడదు. కరెంటు పోయినా చప్పుడు అలాగే ఉండి, స్పీడుతో పాటు నెమ్మదిస్తే అది తిరిగే భాగాల్లోది. దాన్ని మనం పట్టుకోవచ్చు.

ఎంసీబీ దిగే ఉందని మళ్లీ చూసుకోండి. బ్లోయర్ పూర్తిగా ఆగాక, ఫ్లాప్ సందులోంచి పెన్సిలు రబ్బరు వైపుతో రెక్కను మెల్లగా తోసి వదలండి. వేలు పెట్టొద్దు, రెక్క విరిగితే పని పెరుగుతుంది. ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. ఎన్నిసార్లు తిప్పినా ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతుంటే ఆ వైపు బరువు ఉందన్నట్టే. చాలా ఇన్వర్టర్ ఏసీల్లో మాత్రం బ్లోయర్ మోటారులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి మెట్లు మెట్లుగా పట్టినట్టు అనిపిస్తుంది. అది జబ్బు కాదు. టార్చి వేసి చూడండి. రెక్కల లోపలి వంపులో నల్లగా తడి బూజు పేరుకుని ఉంటుంది. ఒకసారి మూడో అంతస్తులోని వాళ్లింట్లో వారం రోజుల డబడబకు కారణం చూస్తే, రెక్కల మధ్య ఎండి అట్టకట్టిన బల్లి.

తిప్పుతుంటే ఒక చివర కీచుమంటే చెవి అటు పెట్టండి. ఎదురుగా నిలబడితే చాలా మోడళ్లలో కుడిచేతి వైపు మోటారు, ఎడమ వైపు బ్లోయర్ చివర తిరిగేందుకు ఆసరాగా రబ్బరులో కూర్చున్న బుష్ ఉంటాయి. ఎడమ వైపు కీచుమంటే బుష్ ఎండిపోయింది. అందులో కొబ్బరినూనె పోసే మహానుభావులు ఉన్నారు. రెండు రోజులు నోరు మూస్తుంది, తర్వాత దుమ్ముతో కలిసి జిగురవుతుంది. బుష్ మార్చించండి, మోటారుతో పోలిస్తే అదెంత! కుడి వైపు గరగరమంటే మోటారు బేరింగు. గీసుకుంటున్న చప్పుడైతే పెన్సిలుతో బ్లోయర్‌ను కాస్త పక్కకు నెట్టి చూడండి. అది జరిగిపోయి కేసింగ్‌కు తగులుతుంటే షాఫ్ట్ స్క్రూ, అంటే బ్లోయర్‌ను మోటారు కడ్డీకి పట్టి ఉంచే స్క్రూ, వదులైంది.

"అన్నయ్యగారూ, మోటారు మార్చమంటున్నారు" అని మా తోడల్లుడు ఫోన్ చేసినప్పుడు ఈ పరీక్షే చేయించాను. ఆ స్క్రూ ఒక్కటి బిగిస్తే సరిపోయింది.

జబ్బు మురికే అయితే సర్వీసు వాళ్లు ప్రెషర్ పంపుతో కొడతామంటారు. యూనిట్ కింద కవర్ కట్టి, బోర్డును కప్పి చేస్తే సరే. కానీ ఎదురుగా జెట్ కొడితే బ్లోయర్ పిచ్చిగా తిరుగుతుంది, బుష్ పాడవుతుంది, నీళ్లు బోర్డులోకి పోతాయి. నేనైతే ఫ్లాప్ సందులోంచి టూత్‌బ్రష్‌తో ఒక్కో రెక్కా గీకుతాను. గంట పడుతుంది, పట్టనివ్వండి. కాయిల్ ఫిన్స్ (కాయిల్ మీదుండే సన్నటి లోహపు రేకులు) జోలికి పోకండి, బ్లేడులా కోస్తాయి.

స్క్రూ బిగించడం, బుష్ మార్చడం మెకానిక్ పని. అతను ఉన్నప్పుడే రెండు విషయాలు చూడండి: స్క్రూ షాఫ్ట్ మీదున్న చదును భాగం మీదే కూర్చోవాలి, బ్లోయర్‌కు రెండు చివరలా కేసింగ్‌తో కొద్దిగా ఖాళీ ఉండాలి. బిగించాక ముందు పెన్సిలుతో తిప్పించండి, తర్వాతే ఎంసీబీ ఎత్తండి. ఫ్యాన్ మోడ్‌లో హై స్పీడు మీద పది నిమిషాలు నడిచాకే డబ్బులివ్వండి.