సీటు రాడ్డు మార్చినా సీటు స్థానం మారకుండా చూసుకోవడం

శ్రీకాకుళంలోని సైకిల్ దుకాణాల్లో సాధారణ సైకిలు సీటు రాడ్డు దొరకడం కష్టం కాదు గాని, గేర్ల సైకిలుకు సరిపడేది తరచు విశాఖ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవలసి వస్తుంది. అందువల్ల పాత రాడ్డును విప్పకముందే కొలతలు రాసిపెట్టుకోవాలి.

సైకిలును చదునైన గచ్చుపై నిటారుగా నిలిపి, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం (ఫ్రేములో రాడ్డు దిగే గొట్టం) వెంబడి సీటు పైభాగం వరకు ఎత్తు కొలవండి. తరువాత దారానికి ఒక నట్టు కట్టి సీటు ముక్కు కొస నుంచి వేలాడదీసి, అది ఇరుసు మధ్యకు ఎన్ని మిల్లీమీటర్లు వెనుక పడుతున్నదో చూడండి. సీటు వాలును కూడా గుర్తు పెట్టుకోండి.

రాడ్డు వ్యాసం విషయంలో రాజీ లేదు. 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు ఎక్కువగా కనబడే సైజులు. ఆ అంకె సాధారణంగా రాడ్డు అడుగు భాగంలో చెక్కి ఉంటుంది. 27.2 పట్టే గొట్టంలో 27 వేస్తే, ఎంత బిగించినా జారే అవకాశం ఉంది.

చాలామంది పొడవు చూసి కొంటారు. అసలు చూడవలసింది వెనుక జరుగుడు, అంటే రాడ్డు మధ్యరేఖకు సీటు బిగింపు ఎంత వెనుక ఉన్నదన్నది. పాతదానికి 20 మిల్లీమీటర్ల జరుగుడు ఉండి, కొత్తది తిన్ననిదైతే, సీటు అంతమేర ముందుకు వస్తుంది. సీటు కింది పట్టాల మీద వెనక్కి జరిపి దానిని సరిచేయవచ్చు, కాని ఇప్పటికే సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంటే ఆ దారి లేదు. ముందుకు జరిపి ఉంటే మాత్రం తిన్నని రాడ్డే మేలు. పట్టాలు 7 మిల్లీమీటర్ల గుండ్రనివా, కార్బన్‌తో చేసిన కోలాకారపువా అన్నది కూడా బిగింపుకు సరిపోవాలి.

పొడవు విషయానికి వస్తే, రాడ్డు కనీసం ఎంతవరకు లోపలికి దిగాలో చూపుతూ దానిమీద ఉండే కనీస లోతు గీత గొట్టం లోపలే ఉంటే చాలు.

పాత రాడ్డు మీద గీసుకున్న ఎత్తు గుర్తు కొత్తదానికి పనికిరాదు, బిగింపు ఎత్తు ఒక్కో రాడ్డుకు ఒక్కోలా ఉంటుంది. ముందు ఎత్తు, తరువాత ముందువెనుకలు సరిచేసి, ఎత్తును మళ్లీ చూడాలి. గొట్టం నేలతో 73 డిగ్రీల వాలులో ఉంటే, 10 మిల్లీమీటర్లు పైకి లేపిన సీటు సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి కూడా పోతుంది.

కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగేవారు ఇనుప ఫ్రేములో అల్యూమినియం రాడ్డును గ్రీజు లేకుండా దించకూడదు, పట్టేస్తే ఊడదీయడం నరకం. కార్బన్‌కు గ్రీజు కాక, దానికని అమ్మే పేస్టే వాడాలి. బిగించాక కొంత దూరం తొక్కి, ఎత్తు జారిందేమో టేపుతో మరోసారి చూడండి.