గ్రంథాలయంలో అక్షరాస్యత – 3వ పాఠం: ఖాళీ ఫారం నింపించడం

పోయిన పాఠంలో పేపరు హెడ్డింగులు గట్టిగా చదివించడం సాధన చేశాం. ఈసారి బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారం. శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్లకూ, అటెండర్లకూ, సాయంత్రం వచ్చి సాయపడే వాలంటీర్లకూ ఇదే పాఠం.

ముందు మనం కూర్చుందాం. తలుపులు తీయకముందే స్టాఫ్ అంతా తలా ఒక ఫారం నింపండి. పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ చుక్క పెట్టండి. స్టాఫ్ ఇలా ముందు తాము నేర్చుకోవడం కొత్తేమీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుస్తకాలు సేకరించడంతో ఆగలేదు, గ్రంథాలయ సేవకులకు శిక్షణ కూడా ఇప్పించారు. ఇవాళ చాలా చోట్ల మనం వదిలేసిన పని అదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక చదువరులతో. ఖాతా నంబరు గడిలో ఊహించిన అంకెలే వేయించండి. ఎవరి పాస్‌బుక్కూ బయటికి తీయించవద్దు, పిన్, ఓటీపీ ఊసే ఎత్తవద్దు. అసలు చిక్కు ఎంత డబ్బో రాసే గడి దగ్గర వస్తుంది. "రెండు వేల యాభై వేయండమ్మా" అంటే, కొత్తగా నేర్చుకున్నవారు విన్నది విన్నట్టు 2000 వేసి, పక్కనే 50 చేరుస్తారు: 200050. తప్పు అనకండి, పక్కవాళ్లు వింటుండగా అసలే అనకండి. వేలు, వందలు, పదులు, ఒకట్లు అని నాలుగు గడులు గీయండి. "వేలు ఎన్ని? వందలు ఏమన్నా చెప్పానా?" అని అడగండి. లేవని వాళ్లే చెప్పి, ఆ గడిలో సున్నా వాళ్లే వేయాలి. తర్వాతే అక్షరాల్లో "రెండు వేల యాభై రూపాయలు మాత్రమే".

వెనక జనం ఉన్నారని "ఇటివ్వమ్మా, నేను రాసేస్తా" అనబుద్ధేస్తుంది. పెన్ను మాత్రం తీసుకోకండి. ఆ గంట కౌంటరు ఇంకొకరికి అప్పగించండి.

అయ్యాక ఒక నోటుబుక్కులో పేర్లు లేకుండా, ఎక్కడెక్కడ ఆగారో రాయండి. వారానికోసారి స్టాఫ్ అంతా కలిసి చూడండి. వత్తుల దగ్గర ఎక్కువమంది ఆగుతుంటే, పెద్దక్షరాల పుస్తకాలు చేతికందే అరలోకి మార్చండి.

సాధన: 705, 3040, 10008. గడుల్లో వేసి, అక్షరాల్లో రాయించండి. 10008కి మాత్రం వేల గడికి ముందు పదివేల గడి ఒకటి చేర్చండి. ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి, 4వ పాఠంలో మందుల చీటీ చదివించేటప్పుడు దానితోనే పని.