గ్రే నుంచి సీవర్ట్‌కు: న్యూట్రాన్లు కలిసిన చోట లెక్క ఎలా వేయాలి

కిలో కణజాలంలో రేడియేషన్ వదిలిన శక్తి ఎంతో చెప్పేది శోషిత డోసు. కిలోకు ఒక జౌల్ అయితే ఒక గ్రే. కానీ ఒక గ్రే గామా, ఒక గ్రే ఆల్ఫా చేసే హాని ఒకటి కాదు. ఆల్ఫా కణం తన శక్తినంతా కొన్ని పదుల మైక్రాన్ల దూరంలోనే కుమ్మరిస్తుంది, డీఎన్‌ఏ రెండు పోగులూ దగ్గర దగ్గరగా తెగుతాయి. ఆ తేడాను లెక్కలోకి తెచ్చేదే తుల్య డోసు. దాని యూనిట్ సీవర్ట్.

ముందు ఏ అవయవానికి లెక్క కడుతున్నారో తేల్చుకోండి. ఆ అవయవం మొత్తం మీద సగటు డోసు కావాలి, ఒక బిందువు దగ్గరిది కాదు. తర్వాత రేడియేషన్ రకాన్ని బట్టి డోసును విడదీసి, ఒక్కోదాన్ని దాని వెయిటింగ్ ఫ్యాక్టర్‌తో (హాని తీవ్రతను బట్టి ఇచ్చిన గుణకంతో) గుణించి కూడాలి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం (ఐసీఆర్‌పీ) 2007 సిఫారసుల ప్రకారం ఎక్స్‌రే, గామా, బీటాలకు 1, ప్రోటాన్లకు 2, ఆల్ఫాకు 20. ఆల్ఫా చర్మం పైపొరను దాటదు కాబట్టి, ఆ 20 అవసరమయ్యేది పదార్థం ఊపిరితోనో తిండితోనో లోపలికి వెళ్లినప్పుడే.

అసలు చిక్కు న్యూట్రాన్లతో. వాటి ఫ్యాక్టర్ శక్తిని బట్టి మారుతుంది: థర్మల్ న్యూట్రాన్లకు (వేగం బాగా తగ్గినవాటికి) 2.5, ఒక ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టు) దగ్గర సుమారు 20.7. ఒకటి నుంచి 50 ఎంఈవీ వరకు ఇలా కట్టాలి: ఎంఈవీలో ఉన్న శక్తిని రెట్టింపు చేసి సహజ సంవర్గమానం తీయండి, దాన్ని వర్గం చేసి ఆరుతో భాగించండి. వచ్చిన సంఖ్యకు మైనస్ గుర్తు పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ (e ఘాతం) తీసి, 17తో గుణించి, 5 కలపండి.

చమురు బావుల లాగింగ్‌లో (లోపలి రాతి పొరల పరీక్షలో) వాడే అమెరీషియం-బెరీలియం సోర్సునే తీసుకుందాం. న్యూట్రాన్ల సగటు శక్తి సుమారు 4.2 ఎంఈవీ. రెట్టింపు 8.4, సంవర్గమానం 2.13, వర్గం 4.53, ఆరో వంతు 0.755, ఎక్స్‌పొనెన్షియల్ 0.47. దాన్ని 17తో గుణించి 5 కలిపితే ఫ్యాక్టర్ 13. ఒక అవయవానికి గామా నుంచి 0.1 మిల్లీగ్రే, న్యూట్రాన్ల నుంచి 0.2 మిల్లీగ్రే అందాయనుకోండి. తుల్య డోసు 0.1 + 2.6, అంటే 2.7 మిల్లీసీవర్ట్‌లు. విడదీయకుండా అంతా గామాయే అనుకుంటే 0.3 వస్తుంది, తొమ్మిదో వంతు మాత్రమే. స్పెక్ట్రమ్ (ఏ శక్తి న్యూట్రాన్లు ఎన్నో చెప్పే వివరం) చేతిలో ఉంటే సగటు శక్తితో సరిపెట్టకండి, ఒక్కో శక్తి భాగానికి విడిగా గుణించి కూడండి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఇంకొకటి ఉంది. న్యూట్రాన్‌ను శరీరంలోని హైడ్రోజన్ పట్టుకున్నప్పుడు 2.2 ఎంఈవీ గామా పుడుతుంది. దాన్ని గామా ఖాతాలో వేయకూడదు. ఫ్యాక్టర్ శరీరం మీద పడిన రేడియేషన్‌కు వర్తిస్తుంది కాబట్టి, ఆ డోసు న్యూట్రాన్ వాటాలోనే ఉండాలి.

పాత పట్టికలతో జాగ్రత్త. 1990 నాటి సిఫారసుల్లో ప్రోటాన్లకు 5, పై ఉదాహరణలోని న్యూట్రాన్లకు 10. ఏ ఏడాది పట్టిక వాడారో రికార్డులో తప్పకుండా రాయండి. పాత రిపోర్టుల్లో రాడ్, రెమ్ కనిపిస్తే 100తో భాగించండి: 100 రాడ్‌లు ఒక గ్రే, 100 రెమ్‌లు ఒక సీవర్ట్. మీటరు మీద సీవర్ట్ అని ఉంటే ఫ్యాక్టర్ అందులో కలిసే ఉంటుంది, మళ్లీ గుణించవద్దు. ఉద్యోగులు ధరించే టీఎల్‌డీ (డోసు కొలిచే) బ్యాడ్జి రిపోర్టులో మిల్లీసీవర్ట్‌లలో వచ్చే అంకెకూ ఇదే వర్తిస్తుంది.

రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగులకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఇది మొత్తం శరీరానికి లెక్కించే ఎఫెక్టివ్ డోసు. అవయవం తుల్య డోసును దాని పక్కన నేరుగా పెట్టకండి. ముందు టిష్యూ ఫ్యాక్టర్‌తో (మొత్తం ముప్పులో ఆ అవయవానికి ఉన్న వాటాతో) గుణించాలి. ఊపిరితిత్తులకు అది 0.12, థైరాయిడ్‌కు 0.04. మిగతా అవయవాలవీ ఇలాగే కట్టి కూడాలి.

ప్రమాదంలో ఒక్కసారిగా గ్రేలలో డోసు తగిలినప్పుడు ఈ లెక్క పనికిరాదు. ఈ ఫ్యాక్టర్లు తక్కువ డోసుల వద్ద క్యాన్సర్, వంశపారంపర్య హాని ముప్పు కోసం పెట్టినవి. చర్మం కాలడం, మజ్జ దెబ్బతినడం లాంటివాటికి డాక్టరుకు గ్రేలలోనే చెప్పండి, ఏ రేడియేషన్ ఎంతో విడివిడిగా.