మైపాడు ఒడ్డున తాబేలు వలలో చిక్కి కనిపిస్తే

చూడగానే నీళ్లలోకి నెట్టేయకండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. జనవరి నుంచి మార్చి దాకా మైపాడు, కొత్తపట్నం వైపు గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గాలి పీల్చే ప్రాణులు కాబట్టి, మరబోట్లు సముద్రంలో ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో ఎక్కువసేపు ఇరుక్కుంటే స్పృహ తప్పి చచ్చినట్టే పడి ఉంటాయి, అలాంటిదాన్ని సముద్రంలో వేస్తే నిజంగానే మునిగి చస్తుంది. బోర్లాగానే ఉంచి, వెనక భాగం కింద ఇసుక పోసి కొంచెం ఎత్తు చేయండి, ఊపిరితిత్తుల్లో నీళ్లు కారిపోతాయి. నీడ చూసి తడిగుడ్డ కప్పండి, ముక్కు మాత్రం మూయొద్దు. తేరుకోవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఈలోగా అటవీశాఖకి ఫోన్ కొట్టండి.

వల కోసేటప్పుడు కత్తి మొన బయటికి ఉండాలి, రెక్క పట్టుకుని లాగకూడదు. నైలాన్ దారం మెడ చర్మంలోకి దిగిపోయి ఉంటే పీకకండి, అది డాక్టర్ పని. సెల్ఫీలా? దయచేసి వద్దు.

విశాఖ రుషికొండలో స్కూబా చేస్తూ తాబేలు ఎదురైతే, అది ఊపిరి కోసం పైకెళ్లే దారికి అడ్డం రావద్దు.

ఇక ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపు, లేదా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట నిషేధంలో మరబోట్లు చేపలు పడుతుంటే ఫోటో, టైమ్ మత్స్యశాఖకి పంపండి, మీరెళ్లి గొడవ పడకండి.