ముట్లు ఆగాక అండాశయంలో నీటిబుడగ ఉందన్నారా? ఆ బెంగను తట్టుకోవడం ఎలా?

స్కానింగ్ గదిలోంచి బయటికొచ్చాక చెవిలో మోగేది 'గడ్డ' అన్న ఒక్క మాటే. ముట్లు ఆగిపోయినా అండాశయంలో నీటిబుడగలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఇది ఎవరు చెప్పినా గుండెదడ తగ్గదు, రిపోర్టు అర్థమైతేనే తగ్గుతుంది.

ముందు రిపోర్టు తీసి అండాశయం గురించి రాసిన వరుసల కింద పెన్నుతో గీయండి. సైజు 38 మిల్లీమీటర్లని ఉంటే అది 3.8 సెంటీమీటర్లే. 'సింపుల్', 'యూనిలాక్యులర్' అని ఉంటే లోపల నీరే తప్ప అడ్డుగోడలు, కండ లేవని. బుడగ ఒకవైపే ఉండి, 5 సెంటీమీటర్లు దాటక, బాధలేమీ లేక, సీఏ-125 అనే రక్తపరీక్ష విలువ కూడా 35 లోపుంటే సాధారణంగా ఆపరేషన్ అనరు. 4 నుంచి 6 నెలలకు మళ్లీ స్కానింగ్ రాస్తారు. 'సెప్టా' (అడ్డుగోడలు), 'సాలిడ్' (కండ), 'అసైటిస్' (పొట్టలో నీరు చేరడం) అన్న మాటలు కనిపిస్తే మాత్రం ఆ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. అవి ఉన్నంత మాత్రాన క్యాన్సరని తేలినట్టు కాదు.

ఎక్కువమంది బెదిరేది సీఏ-125 దగ్గర. పొట్టలో టీబీ ఉన్నా, లివర్ జబ్బున్నా, గుండె బలహీనంగా ఉన్నా అది పెరుగుతుంది. తొలిదశ క్యాన్సర్‌లో పెరగకపోవచ్చు కూడా. అందుకే డాక్టర్లు దాన్ని స్కాన్‌తో కలిపే చూస్తారు. సూదితో నీరు లాగించుకుందామని అనుకోకండి. మళ్లీ నిండుతుంది, పైగా చెడ్డ కణాలుంటే కడుపులో చిందుతాయి.

తిరుపతి ప్రసూతి ఆసుపత్రికో స్విమ్స్‌కో పోయినా, చిత్తూరు నుంచి రాయవేలూరు సీఎంసీకి పోయినా పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. మూడు ప్రశ్నలు రాసుకెళ్లండి: ఇది సింపుల్ బుడగేనా? మళ్లీ స్కాన్ ఎప్పుడు? ఏం కనిపిస్తే ముందే రావాలి? జవాబులు రాసుకోవడానికి కూతురినో చెల్లెలినో తోడు తీసుకెళ్లండి.

మళ్లీ స్కాన్ చేయించుకునే తేదీని ఇంట్లోని టీటీడీ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి. కొండకు మొక్కుకోండి, కానీ స్కాన్ వాయిదా వేయకండి. భయాలకు సాయంత్రం 20 నిమిషాలు కేటాయించి కాగితం మీద పెట్టండి. రాత్రి మళ్లీ గుర్తొస్తే 'రేపు సాయంత్రం చూద్దాం' అనుకుని, 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, 6 లెక్కపెడుతూ వదలండి. పడుకునేముందు యూట్యూబ్ వద్దు. రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చెప్పండి, లేదా మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి.

ఉన్నట్టుండి పొత్తికడుపులో తట్టుకోలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అప్పటికప్పుడే ఆసుపత్రికి పోవాలి. ముట్లు ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండడం, మాటిమాటికీ మూత్రం రావడం వారాల తరబడి ఉన్నా క్యాలెండర్‌లోని తేదీ దాకా ఆగొద్దు.