చెకుముకి తుపాకి చెక్క నమూనా – మూడో పాఠం: గొట్టానికి పడక తవ్వడం

పోయిన పాఠంలో టేకు చెక్క మీద బొమ్మ గీసుకుని, పక్క రూపం వరకు రంపంతో కోసి పెట్టుకున్నాం. ఈసారి ఆ చెక్కలో గొట్టం పడుకునే గాడి తవ్వాలి. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక అడిగేది ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. పాతకాలపు తుపాకి పనివాడి చెయ్యి ఎంత మంచిదో తెలియాలంటే నగిషీలు చూడక్కర్లేదు. ఇనుము, చెక్క కలిసే గీత చూస్తే చాలు. మంచి పనిలో ఆ గీత దగ్గర గోరు కూడా దిగదు. అలా కుదర్చడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

పనిలో దిగే ముందు ఒక ముఖ్యమైన సంగతి. ఈ పాఠాలు మొదలయ్యాక చాలామంది ఒకే మాట అడుగుతున్నారు: ఇంత కష్టపడి చేస్తున్నప్పుడు పేలేదే చేయొచ్చు కదా అని. చేయకూడదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకి తయారుచేయడం నేరం, రిపేరు చేయడమూ నేరమే. ముందు నుంచి మందు కూరే పాత రకమే కదా, దీన్నెవరు పట్టించుకుంటారు అనుకోవద్దు. నమూనా తుపాకిని పేలేలా మార్చాలన్నా సెక్షన్ 6 కింద లైసెన్స్ కావాల్సిందే. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తయారీకి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. చట్టం సంగతి అలా ఉంచినా, నాసిరకం గొట్టం పగిలితే ముందు పోయేవి పట్టుకున్నవాడి వేళ్లు, కళ్లే. అందుకే మన నమూనా అసలు తుపాకిలో మూడో వంతు సైజే. గొట్టానికి బెజ్జం లేదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా గట్టి కర్ర. చేసింది ఇంట్లో షెల్ఫులో ఉండాలి. మూడో వంతే కదా అని రైల్లోకో ఊరేగింపులోకో పట్టుకెళ్లొద్దు.

మనం ఎంచుకున్నది ఈస్టిండియా కంపెనీ కోసం తయారైన 'ఇండియా ప్యాటర్న్' చెకుముకి తుపాకి, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వతో మందు అంటించే పాత రకం. దాని గొట్టం 39 అంగుళాలు, మొత్తం పొడవు 55 అంగుళాల పైచిలుకు. మూడో వంతుకు తెస్తే గొట్టం 330 మి.మీ., మొత్తం 468 మి.మీ. వస్తుంది. దీన్నే ఎందుకు తీసుకున్నామంటే మన ప్రాంత చరిత్రలో ఈ రకం తుపాకులకు పెద్ద చోటే ఉంది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు మీదికి వచ్చిన కంపెనీ సైన్యం చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులే. విశాఖలో ఉన్నవాళ్లు వీలుచూసుకుని బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్లి, అక్కడి పాత ఆయుధాలను దగ్గర నుంచి చూడండి. ఫొటోలో తెలియని విషయం ఒకటి అక్కడ తెలుస్తుంది: మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) దగ్గర బరువుగా కనిపించే చెక్క, ముందుకు వచ్చేసరికి ఎంత పల్చబడుతుందో.

మన గొట్టం వెనక కొస 11 మి.మీ. లావు, మూతి దగ్గర 7.5 మి.మీ. దీనికి అంకుడు కర్ర బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దీంతోనే. మెత్తగా ఉంటుంది, సన్నటి పొర, తరిణి (లేత్) మీద నున్నగా వస్తుంది. అటువైపు వెళ్లే పని ఉంటే అక్కడి పనివాళ్ల చేత తిప్పించుకుని, నల్ల లక్క పట్టించుకోండి. లక్క పూత ఈ పాఠంలో ఇంకో రకంగా కూడా పనికొస్తుంది, అది కాసేపట్లో చెప్తాను.

గాడి తవ్వేముందు చెక్క బయటి వైపు ఏమాత్రం గుండ్రం చేయొద్దు. చాలామంది ఆగలేరు. మడమ వంపు అందంగా తెచ్చేసి తర్వాత గాడి దగ్గరికి వస్తారు. అప్పుడు క్లాంపులో పట్టడానికి సమతలమంటూ మిగలదు, చెక్క కదులుతుంది, ఉలి జారుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. చెక్క లోపల ఎండేటప్పుడు ఏర్పడిన బిగువు కొంత ఉంటుంది. గాడి తవ్వగానే ఆ బిగువు సడలి, ముందు భాగం అటో ఇటో కొద్దిగా వంగుతుంది. 25 మి.మీ. మందం ఉన్నప్పుడు వంగితే చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. పల్చగా చెక్కేశాక వంగితే చేసేదేమీ ఉండదు.

ఇక గీతలు. చెక్క పై అంచును చిత్రికతో చదును చేసి, నడిమి గీతను, అంచుకు సమాన దూరంలో గీత గీసే మార్కింగ్ గేజ్‌తో రెండు వైపుల నుంచీ గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితేనే అది నడిమి. నడిమి నుంచి అటూ ఇటూ వెనక కొస దగ్గర 5.5 మి.మీ. గుర్తు పెట్టండి. మన టేకు చెక్క, గొట్టం మూతి దాకా వెళ్లదు, 34 మి.మీ. ముందే ఆగిపోతుంది. అసలు తుపాకిలో ఆ ఖాళీ బయనెట్ (మూతికి తగిలించే కత్తి) తొడగడానికి. చెక్క ఆగే చోట గొట్టం లావు దాదాపు 8 మి.మీ. కాబట్టి అక్కడ అటూ ఇటూ 4 మి.మీ. చొప్పున గుర్తు పెట్టి గీతలు కలపండి. పెన్సిల్‌తో వద్దు, పదునైన కత్తి మొనతో గీయండి. పెన్సిల్ గీతకు అర మిల్లీమీటరు లావు ఉంటుంది, మన పనిలో అది చాలా ఎక్కువ. కత్తి గాటు అయితే చెక్క పీచు అక్కడికక్కడే తెగి, ఉలికి ఆసరాగా నిలుస్తుంది.

తవ్వకం మొదట గీతకు ఒక మిల్లీమీటరు లోపలే. సన్నటి తిన్నని ఉలితో లోతు తక్కువగా చదరపు కాలువ తీసి, ఆ తర్వాత గుండ్రటి నోటి ఉలితో అడుగును అర్ధచంద్రాకారం చేయాలి. ఉలి కొద్దిగా పైకి ఎత్తినట్టు పట్టుకుని, సుత్తి లేకుండా చేతి ఒత్తిడితోనే నడపండి. చెక్క పీచు పైకి లేస్తుందంటే ఎదురు గ్రెయిన్‌లో పోతున్నారన్నమాట. వెంటనే చెక్కను తిప్పి అవతలి వైపు నుంచి రండి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. అందుకని నూరురాయి పక్కనే ఉండాలి. మొద్దు ఉలితో బలం పెట్టి తోస్తే చెక్క చీలుతుంది, చెయ్యి తెగుతుంది. ఉలి ముందు ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. టేకు పొడి కొందరికి పడదు, ముక్కు కారుతుంది, చర్మం దురద పెడుతుంది. మాస్క్ కట్టుకోండి.

లోతు విషయంలో ఒక హెచ్చరిక. వెనక 5.5, ముందు 4 మి.మీ. అంటే గొట్టంలో సరిగ్గా సగం. ఈ గాడి కింద మందు కూరే కడ్డీ వెళ్లే సన్న కాలువ వస్తుంది. దానికి మనం 2.5 మి.మీ. వెదురు పుల్ల వాడబోతున్నాం. రెండింటి మధ్య 2 మి.మీ. చెక్క మిగలాలి. పూర్తి సైజు తుపాకుల్లో కూడా ఈ మధ్య గోడ చాలా పల్చగా ఉండేది. పనివాళ్లు ఎక్కువ చెక్కలు పాడుచేసుకునే చోట్లలో ఇదొకటి. కనుక లోతు కొలవకుండా ఒక్క గీకు కూడా గీకొద్దు.

ఇక నాకు చాలా ఇష్టమైన పరీక్ష. గాడి అడుగు నిజంగా అర్ధవృత్తంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గొట్టం లావు ముందుకు పోయేకొద్దీ తగ్గుతోంది కాబట్టి ఒకే అచ్చు అంతటా సరిపోదు. దీనికి మూలమట్టం చాలు, లేదా అట్టముక్క నుంచి కచ్చితంగా కోసిన లంబకోణం. ఆ మూలను గాడిలోకి దించండి. రెండు భుజాలూ గాడి రెండు అంచులనూ తాకుతూ, మొన అడుగును తాకిందంటే అక్కడ గాడి సరైన అర్ధవృత్తం. మట్టాన్ని అటూ ఇటూ వంచి చూసినా మొన అడుగును తాకుతూనే ఉండాలి. మొన తాకి భుజాలు అంచుల నుంచి లేచి ఉంటే అక్కడ ఇంకా తవ్వాలి. భుజాలు అంచుల మీద ఆని మొన గాల్లో ఉంటే లోతు ఎక్కువైంది. హైస్కూల్లో చదువుకున్నదే: అర్ధవృత్తంలోని కోణం లంబకోణం. లావు మారినా సూత్రం మారదు కనుక వెనక నుంచి ముందు దాకా అదే మట్టంతో జరుపుకుంటూ పోవచ్చు. వేలెడు దూరానికోసారి పెట్టి చూడండి.

మట్టం పరీక్ష నెగ్గిన గాడిలో కూడా గొట్టం వెంటనే కూర్చోదు. ఇక్కడి నుంచి మసి పని. పాత పనివాళ్లు దీపపు మసిని నూనెలో కలిపి ఇనుముకు పూసి, చెక్కలో అద్ది చూసేవాళ్లు. ఎక్కడ నలుపు అంటితే అక్కడ చెక్క అడ్డం వస్తోందని గుర్తు. మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతే దీనికీ సరిపోతుంది. ఆముదం దీపం వెలిగించి, పైన రాగి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి రెండు చుక్కల ఆముదంతో కలపండి. ఆముదం తొందరగా ఆరదు కాబట్టి పని మధ్యలో ఆగినా ఫర్వాలేదు. పాత టూత్‌బ్రష్‌తో గొట్టం అడుగు సగానికి పూయాలి. ఎంత పల్చగా అంటే కింది లక్క మెరుపు ఇంకా కనిపిస్తుండాలి. మందంగా పూస్తే తాకని చోట కూడా నలుపు అంటుకుని అబద్ధం చెబుతుంది. లక్క పూత ఉంది కనుక పని అయ్యాక గుడ్డతో తుడిస్తే మసి పోతుంది. పూత లేని తెల్ల అంకుడు అయితే మసి పీల్చేసుకుని అలాగే ఉండిపోతుంది.

గొట్టాన్ని నిలువుగా, తిన్నగా గాడిలోకి దించి, పైన చెక్క సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేయండి. ఎత్తేటప్పుడు కూడా నిలువుగానే ఎత్తాలి, జారిస్తే మరకలు సాగిపోతాయి. మొదటిసారి సాధారణంగా రెండు పక్క గోడల పై అంచుల్లోనే నలుపు కనిపిస్తుంది, అడుగు శుభ్రంగా ఉంటుంది. గొట్టం ఇంకా పక్కల మీదే వేలాడుతోందని దానర్థం. ఇది తెలియక బలంగా నొక్కితే గొట్టం చీలమేకులా పనిచేసి పల్చటి ముందు చెక్కను రెండుగా చీలుస్తుంది. నలుపు ఉన్న చోట మాత్రమే గీకండి. ఉలి ఇక వద్దు. విరిగిన హాక్సా బ్లేడు కొసను నూరురాయి మీద గుండ్రంగా అరగదీస్తే మంచి గీకుడు పలక అవుతుంది. నలుపు పోయేంత వరకే గీకి, మళ్లీ పూసి, మళ్లీ అద్దండి. ఒక్కో విడతకు ఊడేది పొడి మాత్రమే. ఆ పొడి చూసి పని సాగడం లేదనిపిస్తుంది, కానీ సాగుతూనే ఉంటుంది.

చివరికి నలుపు గాడి అంతటా చిన్న చిన్న చుక్కలుగా పరుచుకుంటుంది. అప్పుడు ఆపాలి. ఉప్పుకాగితం పెట్టి నున్నగా చేయాలని చెయ్యి లాగుతుంది. వద్దు, కుదిరిన అంచులు గుండ్రబడిపోతాయి.

గొట్టం వెనక కొస ఆనే నిలువు గోడను ప్రత్యేకంగా చూసుకోండి. అసలు తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా గొట్టం నుంచి చెక్కకు చేరే చోటు అది. అక్కడ సందు ఉంటే గొట్టం ప్రతి పేలుడుకూ వెనక్కి గుద్ది, కొంత కాలానికి మెడ దగ్గర చెక్క చీలేది. మన గొట్టం ఎప్పుడూ తన్నదు. అయినా ఆ గోడకు కూడా మసి అద్ది, పూర్తిగా నల్లబడేదాకా పని చేయండి. నమూనా చూసే తెలిసినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

విశాఖలో చేసేవాళ్లకు గాలి తేమ సంగతి విడిగా చెప్పాలి. సముద్రపు గాలిలో వానాకాలం చెక్క ఉబ్బుతుంది, చలికాలం మళ్లీ కుంచించుకుపోతుంది. ఈ మార్పు దాదాపు అంతా అడ్డంగానే వస్తుంది, పొడవులో లెక్కలోకి రాదు. కాబట్టి వెనక గోడ దగ్గర బిగువుగా ఉంచినా ఫర్వాలేదు కానీ, పక్కల్లో పల్చటి కాగితం మందం వదులు ఉండాలి. లేదంటే ఆగస్టులో గొట్టం ఇరుక్కుపోయి బయటికి రాదు. డిపో నుంచి తెచ్చిన చెక్కను పని చేసే గదిలోనే కొన్ని వారాలు ఉంచమని పోయిన పాఠంలో చెప్పింది ఇందుకే. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే గుమ్మాల టేకు ముందే బాగా ఆరి ఉంటుంది, కానీ గాలి తేమకు అదీ కొంత ఉబ్బుతుంది. గాడి పూర్తయిన రోజే మసి తుడిచి, లోపల పల్చగా లక్క పాలిష్ ఒక పూత వేయండి. బయట ఎంత పాలిష్ పట్టినా లోపల పచ్చిగా వదిలేస్తే తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. ఉలులు, బ్లేడ్లకు పని అయిన వెంటనే నూనె రాయండి. కిటికీ సముద్రం వైపు ఉన్న ఇళ్లలో ఒక్క రాత్రి వదిలేసినా తుప్పు కనిపిస్తుంది.

బయటి పూతకు కొందరు ఇప్పుడే అవిసె నూనె కొనిపెట్టుకున్నారట. దాని సమయం ఇంకా రాలేదు, కానీ కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

వచ్చే పాఠంలో గొట్టాన్ని చెక్కకు బిగించే అడ్డ మేకులు. ఫ్రెంచి తుపాకుల్లో, మన వత్తి తుపాకుల్లో గొట్టాన్ని పట్టీలతో చుట్టి బిగించేవాళ్లు. ఇండియా ప్యాటర్న్‌లో బయటికి ఏ పట్టీ కనిపించదు, చెక్కలోంచి అడ్డంగా దూరే సన్న మేకులే పట్టి ఉంచుతాయి. దానికోసం ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగ, అంతే సైజు డ్రిల్ బిట్లు రెండు తెచ్చుకోండి. ఒకటి విరగడం మామూలే. ఈలోగా గాడిని మట్టంతో ఇంకోసారి పరీక్షించి, గొట్టాన్ని అందులో పెట్టి, పైన ఏ బరువూ లేకుండా వారం రోజులు వదిలేయండి. వారం తర్వాత గొట్టం తేలిగ్గా బయటికి రాకపోతే పక్కలకు మళ్లీ మసి అద్ది, ఎక్కడ పట్టిందో చూసి గీకాలి. ఆ పని ముగిశాకే మేకుల జోలికి వెళ్దాం.