పాత రెజొనేటర్ గిటార్ బాగుచేద్దాం – 3వ పాఠం: గరగర ఎక్కడిది, ఏ భాగం కొనాలి

రెజొనేటర్ అంటే తీగల కంపనాన్ని లోపలి కోన్ (శంకువు ఆకారపు పలుచని లోహపు రేకు) పెద్దది చేసి వినిపించే గిటార్. రెండో పాఠంలో మెడ వంపు, ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కమ్ముల) అరుగుదల చూశాం. మెడ తిన్నగా ఉందని తేలినవాళ్లు ఈ పాఠం మొదలుపెట్టొచ్చు. మెడ వంగి ఉన్నవాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి. మెడ వల్ల గరగరలాడే గిటార్‌కి ఎంత మంచి కోన్ వేసినా గరగర పోదు.

ఈసారి కోన్ మీద ఉండే చిల్లుల లోహపు మూత, అంటే కవర్ ప్లేటు, విప్పి లోపల చూస్తాం. ఒక్క షరతు: ఈ పాఠం పూర్తయ్యేదాకా ఏ విడిభాగమూ ఆర్డర్ పెట్టకండి. సెకండ్‌హ్యాండ్ రెజొనేటర్ ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని కొత్త కోన్ కొనడం. తీరా చూస్తే తప్పు కోన్‌ది కాదు, అది కూర్చున్న చోటుది. లేదంటే ఏదో వదులైన స్క్రూది.

మీది ఏ రకం?

రెజొనేటర్ గిటార్లలో మూడు కుటుంబాలున్నాయి. ఒకదాని లోపలి భాగాలు ఇంకోదానికి పట్టవు. అందుకే ముందు ఇది తేల్చుకోవాలి.

కరెంటుతో నడిచే గిటార్లు రాకముందు, బ్యాండులో మిగతా వాయిద్యాల హోరులో గిటార్ వినపడేది కాదు. ఆ ఇబ్బంది తీర్చడానికి అమెరికాలో జాన్ డోపెరా, జార్జ్ బీచం కలిసి 1927లో నేషనల్ కంపెనీ పేరుతో మూడు కోన్ల గిటార్ తెచ్చారు. దాన్నే ట్రైకోన్ అంటారు. ఇందులో ఒక్కొక్కటి 6 అంగుళాల అల్యూమినియం కోన్లు మూడు ఉంటాయి. వాటి శిఖరాల మీద ‘టి’ అక్షరం ఆకారంలో ఒక లోహపు బ్రిడ్జి (తీగల కంపనాన్ని కోన్లకి చేర్చే భాగం) ఆనుతుంది. కొద్ది కాలానికే నేషనల్ నుంచి చవకైన ఒంటి కోన్ మోడల్ వచ్చింది. 9½ అంగుళాల కోన్, దాని శిఖరం మీద గుండ్రటి చెక్క బిళ్ల. ఆ బిళ్ల పేరు బిస్కట్. ఈలోగా డోపెరా నేషనల్‌ని వదిలి, అన్నదమ్ములతో కలిసి డోబ్రో పెట్టాడు. వీళ్లు కోన్‌ని తలకిందులు చేశారు. గిన్నెలా లోపలికి దిగిన 10½ అంగుళాల కోన్, దాని మీద ఎనిమిది కాళ్ల లోహపు స్పైడర్.

విప్పకుండానే రకం కనిపెట్టొచ్చు. కవర్ ప్లేటు చిల్లుల్లోంచి టార్చి వేసి చూడండి. నడి మధ్య నుంచి అంచులకు లోహపు కాళ్లు పాకుతుంటే స్పైడర్. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) కింద గుండ్రటి చెక్క కనిపిస్తే బిస్కట్. ట్రైకోన్‌కి వెతకక్కర్లేదు, ‘టి’ ఆకారపు బ్రిడ్జి కప్పు బయటికే కనిపిస్తుంది. బాడీని చూసి మాత్రం నిర్ణయించకండి. చెక్క బాడీలో బిస్కట్లూ ఉన్నాయి, లోహపు బాడీలో స్పైడర్లూ ఉన్నాయి. అమ్మేవాళ్లు చెప్పే పేరు కూడా నమ్మలేం. డోబ్రో అనేది 1993 నుంచి గిబ్సన్ చేతిలో ఉన్న బ్రాండు పేరు. కానీ వాడుకలో రెజొనేటర్ అయితే చాలు, అందరూ డోబ్రో అనేస్తారు.

విప్పే ముందు వినాలి

తీగలు బిగించి ఉండగానే చేయాల్సిన పరీక్ష ఇది. ఒకసారి విప్పాక ఈ అవకాశం పోతుంది. తొందరపడకండి.

ఒక్కో తీగను మీటుతూ, గరగర వచ్చిన స్వరం దగ్గర ఆగండి. ఆ స్వరాన్నే మళ్లీ మళ్లీ మీటుతూ, రెండో చేత్తో ఒక్కో భాగాన్ని నొక్కి చూడండి. పక్కన ఎవరైనా మీటిపెడితే ఇంకా సులువు. టెయిల్‌పీస్ (తీగల అడుగు కొసల్ని పట్టి ఉంచే లోహపు ముక్క), చేయి ఆనించే కప్పు, కవర్ ప్లేటు అంచులు, పైన రెండు సౌండ్ హోల్స్‌కి ఉండే జాలీలు, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఉక్కు కడ్డీ) మూత, ట్యూనర్ల (తీగలు బిగించే మరల) చిన్న స్క్రూలు, అన్నీ వరసగా. ఏది నొక్కితే గరగర ఆగుతుందో అక్కడే జబ్బు. చాలాసార్లు అక్కడి స్క్రూ బిగిస్తే పని అయిపోతుంది.

బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ మధ్య ఉన్న తీగల ముక్కల్ని మర్చిపోకండి. అవి కవర్ ప్లేటుని తాకినా, టెయిల్‌పీస్ కవర్ ప్లేటు మీద ఆడినా మోత పుడుతుంది. ఆ ముక్కల మధ్య నుంచి ఒక గుడ్డ పీలిక దూర్చి మళ్లీ మీటండి. మోత పోతే, టెయిల్‌పీస్ కింద చిన్న ఫెల్టు ముక్క అంటించండి. కోన్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఇవన్నీ చూశాక కూడా గరగర ఉంటే, అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.

విప్పడం

తీగల్ని ఒక్కసారిగా కత్తిరించకండి. అన్నిటినీ కొద్దికొద్దిగా వదులు చేస్తూ రండి. టెయిల్‌పీస్ విడిపోయి కవర్ ప్లేటు మీద గీతలు పెడుతుంది కాబట్టి మధ్యలో ఒక గుడ్డ పరవండి. స్క్రూలు ఏ చిల్లువి ఆ చిల్లుకే తిరిగి వెళ్లాలి. ఒక అట్టముక్క మీద కవర్ ప్లేటు బొమ్మ గీసి, స్క్రూలని అదే వరసలో గుచ్చండి. ప్లేటు అంచు పదునుగా ఉంటుంది. చేతులు జాగ్రత్త.

ప్లేటు తీశాక కోన్ కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకముందే ఫోటో తీయండి. కోన్ అంచు మీదా, బాడీ మీదా ఎదురెదురుగా పెన్సిల్‌తో ఒక చిన్న గీత పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు అదే తిప్పులో కూర్చోవాలి.

కోన్‌ని పైకి లేపితే మామూలుగా లేచి వచ్చేస్తుంది. అదే ఈ వాయిద్యంలో అసలు సంగతి. కోన్ బాడీకి అతికి ఉండదు, దాన్ని పట్టుకునే స్క్రూ కూడా ఉండదు. తీగలు శాడిల్ మీద నొక్కే బరువే దాన్ని కదలకుండా కూర్చోబెడుతుంది. తీగ కంపనం శాడిల్‌కి, అక్కడి నుంచి బిస్కట్‌కో స్పైడర్‌కో, అక్కడి నుంచి కోన్‌కి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ ఖాళీ ఉన్నా గరగర. ఎక్కడ బిగుసుకుపోయినా గొంతు నొక్కినట్టు మూగబోయిన నాదం.

కోన్ లేవడం లేదంటే, ముందటి యజమాని జిగురు పెట్టాడనో చిన్న మేకులు కొట్టాడనో అనుకోవచ్చు. గరగర ఆపడానికి చేసే అడ్డదారి పని అది. బలవంతంగా లాగకండి, అల్యూమినియం రేకు వేలి ఒత్తిడికే సొట్టపోతుంది. పలుచని ప్లాస్టిక్ కార్డు ముక్కతో అంచు చుట్టూ నెమ్మదిగా విడదీయండి.

కోన్ కూర్చునే గట్టు

కోన్ కంటే ముందు దాని కింద ఉన్న గట్టుని చూడండి. దుమ్ము, పాత జిగురు, చెక్క పేలిక, అన్నీ తుడిచేయండి. వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. చెక్క గట్టు ఒకచోట ఉబ్బి ఉంటే, చదునైన చెక్కకి చుట్టిన సన్నని ఇసుక కాగితంతో ఆ ఉబ్బుని మాత్రమే దించండి. గట్టు పొడవునా గీకితే ఎత్తు తగ్గి, తీగల ఎత్తు మారిపోతుంది.

తర్వాత కోన్‌ని మళ్లీ పెట్టి, అంచు మీద ఎదురెదురు చోట్ల వేలి కొసతో చాలా తేలిగ్గా తాకండి. ఊగితే గట్టు ఇంకా చదును కాలేదు, లేదా కోన్ అంచు వంగింది. ఏది అన్నది తేల్చడానికి కోన్‌ని చదునైన గాజు పలక మీద పెట్టి చూడండి. గాజు మీద కూడా ఊగితే తప్పు కోన్‌ది. గాజు మీద నిశ్చలంగా ఉంటే తప్పు గట్టుది.

కోన్ మార్చాలా?

కోన్‌ని అంచు దగ్గర వదులుగా పట్టుకుని గోటితో తట్టండి. బాగున్నది మోగుతుంది. పగులు ఉన్నది జిర్రుమంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే సన్నని పగుళ్లు కూడా కనిపిస్తాయి. నడిమధ్య చిల్లు చుట్టూ ప్రత్యేకంగా చూడండి, అక్కడే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. పగిలిన కోన్‌ని మార్చాల్సిందే. కుంగినదాన్నీ అంతే. బిస్కట్ రకంలో శిఖరం కిందికి దిగి ఉంటుంది, తీగలు కూడా దిగి ఫ్రెట్లను తాకుతుంటాయి. దాన్ని లోపలి నుంచి నెట్టి పైకి తేవచ్చని చెప్పేవాళ్లున్నారు. తేవచ్చు కూడా. కానీ ఒకసారి వంగిన రేకు తీగల బరువుకి మళ్లీ వంగుతుంది.

చిన్న సొట్టల గురించి మాత్రం దిగులు వద్దు. కంటికి నచ్చకపోవచ్చు, చెవికి తెలియదు. ముఖ్యంగా 1930ల నాటి గిటార్ అయితే అసలు కోన్‌ని ఊరికే తీసేయకండి. మార్చక తప్పకపోతే పాతది పెట్టెలో దాచి గిటార్‌తోపాటే ఉంచండి.

స్పైడర్, దాని స్క్రూ

బిస్కట్ వాళ్లకి ఇక్కడ పని తక్కువ. కోన్ వెనక నుంచి బిస్కట్‌ని పట్టే స్క్రూ వదులుగా లేదని చూసుకుని ముందుకెళ్లండి.

స్పైడర్ వాళ్లు ఆగాలి. ఎనిమిది కాళ్లూ కోన్ అంచుకి దగ్గరగా ఆనాలి, ఒక్కటి లేచినా గరగరే. స్పైడర్‌ని విడిగా తీసి గాజు పలక మీద పెట్టండి. ప్రతి కాలి కింద సన్నని కాగితం దూర్చి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే ఆ కాలు ఆనడం లేదు. గాజు మీద సన్నని ఇసుక కాగితం పరిచి, స్పైడర్‌ని దాని మీద గుండ్రంగా రుద్దండి. అన్ని కాళ్లూ కాగితాన్ని సమానంగా పట్టేదాకా రుద్ది ఆపండి. కాళ్లని చేత్తో వంచడానికి చూడకండి, పోత లోహం విరుగుతుంది.

నడుమ ఉన్న స్క్రూ స్పైడర్‌ని కోన్‌తో కలిపి ఉంచుతుంది. ఇది వదులైతే గరగర, ఎక్కువ బిగిస్తే నాదం నలిగిపోతుంది. తీగలు లేకుండా దీన్ని బిగించకూడదు. అన్నీ తిరిగి అమర్చి, తీగల్ని శ్రుతికి తెచ్చాక, మీటి వింటూ పావు చుట్టు చొప్పున బిగించండి. గరగర ఆగిన చోటే ఆపాలి. ఇంకో పావు చుట్టు ‘సేఫ్టీ’కి వేద్దామనిపిస్తుంది. వేయకండి. కొన్ని గిటార్లలో చేయి ఆనించే కప్పుకి స్క్రూడ్రైవర్ దూరేలా చిల్లు ఉంటుంది. లేకపోతే ఆ కప్పు తీసి చేసుకోవాలి.

శాడిల్ ముక్కలు తమ గాడిలో బిగుతుగా కూర్చోవాలి. తీగ గాడి లోతు తీగ మందంలో సగం ఉంటే చాలు. శాడిల్ దాటాక తీగ కిందికి వంగుతూ టెయిల్‌పీస్ వైపు వెళ్లాలి. ఆ వంపు లేకపోతే కోన్‌ని నొక్కే బరువే ఉండదు.

ఇప్పుడు కొలతలు

కొనాల్సింది ఏదో తేలింది కదా. పేరు చూసి కాదు, కొలత చూసి కొనండి.

కోన్‌కి రెండు కొలతలు కావాలి: అంచు నుంచి అంచుకి కోన్ వెడల్పు, అది కూర్చునే గుంట వెడల్పు. 6 అంగుళాలంటే దాదాపు 152 మి.మీ., 9½ అంటే 241, 10½ అంటే 267. మీ పాతది వీటిలో దేనికీ దగ్గరగా లేకపోతే, అది ఆ తయారీదారు సొంత సైజు. అలాంటప్పుడు మామూలు కోన్ కొని ఇరికించకండి. గుంటలో ఇరుకైతే కోన్ మెలిపడుతుంది. చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి. ఎత్తు కూడా రాసుకోండి, ఎత్తు మారితే తీగల ఎత్తు మారుతుంది.

మంచి కోన్లు అల్యూమినియం రేకుని తిప్పుతూ చేసినవి. ఈ పనిలో ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే పేర్లు నేషనల్ రెసోఫోనిక్, బియర్డ్, క్వార్టర్‌మన్. చవక గిటార్‌కి ఖరీదైన కోన్ వేస్తే తేడా నిజంగానే వినిపిస్తుంది, గట్టు, శాడిల్ ముందే సరిచేసి ఉంటేనే.

కవర్ ప్లేటు కొనడం అన్నిటికంటే తలనొప్పి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ప్లేట్ల చిల్లులు కలవవు. పాత ప్లేటుని కాగితం మీద పెట్టి చుట్టుగీత, ప్రతి చిల్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అమ్మేవాళ్లకి ఆ బొమ్మ పంపి, సరిపోతుందని చెప్పాకే డబ్బు కట్టండి. బాడీలో కొత్త చిల్లులు వేయడం ఆఖరి మార్గం. ప్లేటు సొట్టపోయిందంతే అయితే దాన్నే ఉంచుకోవడం నయం. చెక్కలో స్క్రూ చిల్లు అరిగిపోతే గట్టి చెక్క పుల్లని జిగురుతో దూర్చి, ఆరాక సన్నని చిల్లు వేయండి. జిగురు వాడదగ్గది ఇలాంటి చోటే.

ట్యూనర్లకి గిటార్ తలలో (మెడ పైకొసన ట్యూనర్లు ఉండే చోట) గాడులున్నాయా, లేక తల నిండుగా ఉందా అన్నది మొదట చూడాలి. తర్వాత ఒక కడ్డీ మధ్య నుంచి పక్క కడ్డీ మధ్యకి దూరం, కడ్డీ మందం. మూడు ట్యూనర్లు ఒకే పట్టీ మీద ఉన్నవాటిలో ఆ దూరం ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కూర్చోవు.

తీగల సంగతి ఒక్క మాట. 16 నుంచి 56 దాకా (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉండే బరువైన రెజొనేటర్ సెట్లు చదరపు మెడ గిటార్ల కోసం, ఒళ్లో పడుకోబెట్టి కడ్డీతో వాయించేవాటి కోసం. గుండ్రటి మెడ దానికి వాటిని ఎక్కిస్తే మెడ వంగిపోతుంది.

ఈ వారం అభ్యాసం

తిరిగి అమర్చేటప్పుడు పెన్సిల్ గీతలు కలిపి కోన్ పెట్టండి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి ఉన్న దూరాన్ని రెట్టింపు చేస్తే శాడిల్ కంటే ఒక వెంట్రుక ముందు ముగియాలి. 12వ ఫ్రెట్ మీద తీగ నొక్కి మీటిన స్వరాన్ని, అక్కడే తేలిగ్గా తాకి తీసిన హార్మోనిక్‌తో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే ఆ వైపు శాడిల్ కొద్దిగా వెనక్కి పోవాలి. బిస్కట్ రకంలో కోన్‌ని రవ్వంత తిప్పితే ఆ పని అవుతుంది. స్పైడర్ రకంలో శాడిల్ కొసని మలచాలి.

తర్వాత మీ గిటార్ కుటుంబం, కోన్ కొలతలు, తీగల ఎత్తు, ఇంకా మిగిలిన గరగర ఏ తీగ మీద ఏ ఫ్రెట్ దగ్గర వస్తుందో ఒక కాగితం మీద రాసి గిటార్ పెట్టెలో ఉంచండి. నాలుగో పాఠంలో బాడీ లోపలికి సాగే మెడ కర్రనీ, దానికి ఆసరాగా ఉండే చెక్క బిళ్లల్నీ చూస్తాం. అప్పటికి ఒక చిన్న అద్దం, తిన్నని ఉక్కు స్కేలు దగ్గర పెట్టుకోండి.